ఉప్పుటేటి ఒడ్డు కమలా

ఆ చెట్టు పండు తిన్నవాళ్ళెవరూ రెండో తొన నోట్లో పెట్టుకున్నట్టు నాకు తెలియదు. నేనూ పెట్టుకోలేదు. మొదటి తొనకే దవడలు బిగుసుకుపోయి, ఉమ్మడానికి చోటు వెతుక్కుంటూంటే, లక్ష్మీబాయి నా చేతిలోని మిగతా పండు లాక్కుని, గుజ్జంతా ఎరువు గుంటలోకి విసిరి, తొక్కను మాత్రం భద్రంగా స్వెట్టర్ జేబులో వేసుకుంది.

“పండు తినమని ఎవరు చెప్పిన్రు పెద్దాయనా? వాసన చూడమంటి గదా!” అంది.

అది 2013 మే నెల. న్యూజిలాండ్‌లో అప్పుడే చలికాలం మొదలవుతుంది. దేశాలు తిరుగుతున్న నేను ఆ చలికాలం గడపడానికి హెండర్సన్‌లో లక్ష్మీబాయి వాళ్ళ ఇంటి ముందు గదిలో దిగాను. ఆమె భర్త కిషన్‌రావు ఆల్బనీ నుంచి సిటీకి బస్సు నడుపుతాడు. ఆమె న్యూ లిన్‌లో ఒక చైనా టీ దుకాణంలో పొట్లాలు కడుతుంది. ఇద్దరిదీ నల్లగొండ వైపు. వాళ్ళమ్మాయి మనస్విని ఆల్బనీలో ఆఫీసు ఉద్యోగం చేస్తూ, ముగ్గురితో కలిసి ఫ్లాట్‌లో ఉంటోంది. ఆ పిల్లను మళ్ళీ ఇంటి దగ్గరకు తెచ్చుకోవాలని, పెరట్లో ఒక చిన్న ఇల్లు కట్టాలని కిషన్‌రావు కోరిక.

పెరడంటే చదునైన పెరడు కాదు. రోడ్డు దగ్గర మొదలై వాలుగా దిగి ఉప్పుటేటి బురదలో, మడచెట్ల మధ్య ముగుస్తుంది. ఒకప్పుడు ఈ పడమటి ఆక్లండ్ అంతా తోటలు, ద్రాక్షతీగలు. ఐరోపాలోని డాల్మేషియా తీరం నుంచి వచ్చినవాళ్ళు వేసినవి. ఆ తోటల్లో మిగిలిన కమలాచెట్లు రెండు వీళ్ళ వంతుకు వచ్చాయి. పైది ఇంటి పక్కన, మంచి నేలలో. దాని పండు తేనె. కిషన్‌రావు సీజన్ అంతా సంచుల్లో నింపుకుపోయి డిపోలో పంచేవాడు. “కిషన్ మాండరిన్స్” అని పేరు కూడా పడిందట. కిందిది ఏటి ఒడ్డున, బురద అంచులో. నా ఛాతీ ఎత్తు దాటలేదు. ఆకులు పసుపు తిరిగి, కాయలు నిమ్మకాయంత, తొక్క ముతకగా, గోరు గిచ్చితే కళ్ళలోకి చిమ్మేంత నూనె.

కిషన్‌రావు కొట్టెయ్యాలనేది ఈ కింది చెట్టునే. కట్టాలనుకున్న ఇల్లు అక్కడే, కట్టె స్తంభాల మీద. ఇక్కడ వాలు నేలల్లో అలా కట్టడం మామూలే.

“ఈ తొక్కలో చెట్టు కోసం పిల్లను దూరం పెడ్తవానే?” అనేవాడు.

“ముందుగాల నన్ను కొట్టు. తర్వాత చెట్టును కొట్టు,” అనేది.

ఈ పంతం ఎక్కడ మొదలైందో చెప్పాలంటే దుకాణంలోకి వెళ్ళాలి. ఆ దుకాణం యజమానురాలు లామ్. అరవై దాటిన మనిషి, సన్నగా, చీపురుపుల్లలా నిటారుగా ఉంటుంది. ఆమె ఇంగ్లీషు ముక్కలు ముక్కలు. లక్ష్మీబాయిది ఇంకా చిన్న ముక్కలు. అయినా వాళ్ళిద్దరికీ ఒకరి మాట ఒకరికి అర్థం కాకపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఇక్కడ వాళ్ళ మాటలన్నీ నా తెలుగులోకి తెచ్చి రాస్తున్నాను, ఒకరిది నల్లగొండగా, ఒకరిది పొడిపొడిగా.

లామ్ వెనక అల్మారాలో, అన్నిటికంటే పై అరలో, వెడల్పు మూతి గాజు సీసాల్లో ఎండు కమలాతొక్కలు ఉంటాయి. కొన్ని మూడేళ్ళవి, కొన్ని పదేళ్ళవి, ఒక సీసాలోవి ఆమె పెళ్ళినాటివి. ఏళ్ళు పెరిగేకొద్దీ నారింజ రంగు గోధుమకు, గోధుమ నలుపుకు తిరుగుతాయి. ఆ తొక్కను నీళ్ళలో కాచి తాగుతారు, టీలో వేస్తారు, బాతు మాంసంలో వేస్తారు, దగ్గుకు ఇస్తారు. పాతదైతేనే విలువ. మన వైద్యులు మాత్రం పాత నెయ్యి, పాత బెల్లం అడగరా? కొత్తదనానికి ఉన్న మోజు నాలుకది, పాతదనానికి ఉన్న గౌరవం కడుపుది అని ఒక ముసలి ఆచారి నాతో అన్నాడు, ఏ ఊళ్ళోనో మరిచిపోయాను.

అదలా ఉంచితే, ఆ సీసాల్లోవన్నీ ఒక్క చోటివే. చైనా దక్షిణాన ముత్యాల నది డెల్టాలో షిన్‌హుయి అనే సీమ. లామ్ పుట్టిందీ అక్కడే. ఎగువనుంచి మంచినీటి ఏళ్ళు ఒండ్రు మోసుకొస్తాయి. దిగువనుంచి సముద్రపు పోటు ఎదురెక్కుతుంది. తీపీ ఉప్పూ కలిసి తడిపిన ఆ బురదలో పెరిగిన కమలాతొక్కే ఏళ్ళ తరబడి బతుకుతుందని, అదే అంటు తీసుకెళ్ళి పక్క జిల్లాలో పాతితే తొక్క పలచబడుతుందని, మూడేళ్ళకే వాసన చచ్చిపోతుందని అక్కడివాళ్ళ నమ్మకం. ఇలాంటివి నేను చాలా దేశాల్లో విన్నాను. ప్రతి ఊరికీ పక్క ఊరి మట్టి పనికిరాదు. కానీ నమ్మకం వేరు, నాలుక వేరు. పొగాకు కొనేవాళ్ళు ఆకు ముక్కు దగ్గర పెట్టుకుని పొలం పేరు చెప్పడం నేను గుంటూరులో కళ్ళారా చూశాను.

లక్ష్మీబాయి ఉద్యోగంలో చేరిన కొత్తలో, 2010లో, పై సీసా తుడుస్తూ, “మా ఇంట్ల గూడ ఉన్నయి రెండు చెట్లు. నేను గూడ ఎండబెడ్త,” అంది.

“మా నేలలో కాస్తే అది పాత తొక్క,” అంది లామ్, లెక్క చేయకుండా. “బయట కాస్తే చెత్త. చెత్తబుట్ట తలుపు పక్కన ఉంది.”

ఇక చూడండి. ఇంకొకరైతే నవ్వేసి ఊరుకునేవారు. లక్ష్మీబాయికి చెవుల్లోంచి పొగలొచ్చాయి. ఆ ఏడాది రెండు చెట్ల తొక్కలూ కలిపి ఒలిచింది. ఒండ్రూ ఉప్పునీళ్ళూ కలిస్తేనే అని లామ్ చెప్పింది కదా, ఉప్పు లేకపోతే ఎట్లా అనుకుంది. రాళ్ళ ఉప్పు పట్టించింది. పురుగు పట్టకుండా పసుపు రాసింది. ఎండబెట్టి, జాడీకెత్తి, మూతికి వాసెన కట్టింది. ఊరగాయ పెట్టే ఇంట్లో పుట్టిన ఆడమనిషి ఇంతకంటే భక్తిగా ఏమీ చెయ్యలేదు. ఏడాది నిండగానే దుకాణానికి పట్టుకెళ్ళింది.

లామ్ ఒక ముక్క కాచి గుటక వేసి, పరుగెత్తి వాష్ బేసిన్‌లో ఉమ్మింది. తర్వాత కౌంటర్ పట్టుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

“సూప్ తెచ్చావు! పసుపెందుకు?”

“పురుగు పట్టకుండ.”

“ఉప్పెందుకు?”

“మీ ఊర్ల ఉప్పుంటదంటివి గదా!”

లామ్ నవ్వు ఆపింది. “ఉప్పు చేత్తో వెయ్యరు. వేరు తాగాలి.”

ఈ ముక్క మీద లక్ష్మీబాయి వారం రోజులు నిద్రపోలేదని కిషన్‌రావు నాకు చెప్పాడు. నేనైతే ఆశ్చర్యపోను. ఆమె తండ్రికి నల్లగొండలో బత్తాయి తోటలుండేవి. ఒకటి ఎర్ర చల్క నేలలో, ఒకటి రేగడి దిబ్బ మీద. రెంటికీ ఒకే అంటు, ఒకే ఎరువు. అయినా వ్యాపారులు కాయ కోసి ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని “ఇది చల్క” అనేవాళ్ళు. పూతకు ముందు చెట్లకు నీళ్ళు ఆపి బెట్టకు వదిలేవాళ్ళు. ఆకులు వాలి, చూసేవాళ్ళకు జాలేసేలా ఎండిపోయాక, అప్పుడు నీళ్ళు కడితే చెట్టు నిలువెల్లా పూసేది. “బెట్ట తగలని చెట్టుకు పౌరుషముండది,” అనేవాడట తండ్రి. తర్వాత బోర్లు ఎండిపోయి ఆ తోటలే పోయాయి. అది వేరే కథ, ఆమె చెప్పదు, నేను అడగలేదు.

అంటే మట్టి పండును మారుస్తుందని లక్ష్మీబాయికి లామ్ నేర్పాల్సిన పని లేదు. ఆ మాట ఆమెకు పుట్టుకతో తెలుసు. ఆమె ఒప్పుకోనిది ఒక్కటే: మార్చే మట్టి లోకంలో ఒక్క చోటే ఉందనడం.

అప్పుడు ఏటిని చూసింది. సముద్రం లేని జిల్లా పిల్ల. అంతవరకూ దాన్ని మురికివాగు అనుకుంది.

“పిచ్చి వాగు పెద్దాయనా! ఒక పూట ఎగువకు పారుతది, ఒక పూట దిగువకు. నాకేం ఎరుక అది సముద్రమని? ఒక దినం పౌర్ణమికి నీళ్ళు కింది చెట్టు మొదట్ల దాకా వచ్చినయి. వేలు ముంచి నాకిన. ఉప్పగ, సన్నగ ఉప్పగ. పైనుంచి కొండ వాన నీళ్ళు, కిందినుంచి పోటు. ఆమె చెప్పింది ఇదే గదా!”

ఆ ముసలి పొట్టి చెట్టు ఎన్ని దశాబ్దాలుగా ఆ నీళ్ళు తాగుతోందో. కమలా జాతికి ఉప్పు పడదు. అందుకే ఎదగలేదు. ఎదగనందుకే ఉన్నదంతా తొక్కలో దాచుకుందని లక్ష్మీబాయి వాదం. శాస్త్రం ఏమంటుందో నాకు తెలియదు. నేను చెట్టును చూశాను, ఆమెను చూశాను.

అందుకని 2013లో నేనున్న ఆ చలికాలం మూడు సంచులు కుట్టింది. ఒకటి పై చెట్టు తొక్కకు, ఒకటి కింది చెట్టు తొక్కకు. మూడోది ఆల్బనీలో, గుట్ట మీద గట్టి బంకమట్టిలో పెరిగిన చెట్టుది. మనస్విని ఫ్లాట్ వెనక ఉంది, ఆ పిల్లే తెచ్చి ఇచ్చింది. “అమ్మా, దిస్ ఈజ్ ఏ ఫుల్ ఎక్స్‌పెరిమెంట్ యార్!” అని నవ్వింది కూడా.

తొక్కను మూడు రేకులుగా కొయ్యాలి, అడుగున కలిసి ఉండేలా. లామ్ చేతులు చూసి నేర్చుకుంది. ఒక దినం ఎండి మెత్తబడ్డాక లోపలి తెలుపు బయటికి తిప్పాలి. ఉప్పు లేదు, పసుపు లేదు. కానీ మన రోహిణి కార్తె ఎండ ఇక్కడ ఎక్కడిది? ఒక గంటలో ఎండ, వాన, వడగళ్ళు, మళ్ళీ ఎండ. గొడుగు తిరగేసినట్టుండే బట్టల స్టాండ్, గాలికి తనంతట తిరిగేది, ప్రతి ఇంటి వెనకా ఉంటుంది కదా, దాని తీగలకు తొక్కలు దారాలతో గుచ్చి కట్టింది. గాలి వీస్తే పెరడంతా ఆరెంజి గాజులు గిరగిరా తిరుగుతున్నట్టుండేది. చినుకు పడితే “పెద్దాయనా!” అని ఒక్క కేక. ఇద్దరం పరుగెత్తేవాళ్ళం. నా డెబ్బై ఒకటో ఏట నేను చేసిన వ్యాయామం అంతా అదే.

కిషన్‌రావు వరండాలో కూర్చుని, “ఓవెన్ల పెట్టు, పది నిమిషాల్ల అయితది,” అనేవాడు.

“వండితే చస్తది. ఎండితే బతుకుతది. నీకేం ఎరుక, బస్సు నడుపు.”

“నడుపుతున్న. పెరట్ల మాత్రం నా ఇల్లు నడుస్తలేదు.”

ఆ జూన్‌లోనే, నా ముందే, ఇద్దరూ ఒప్పందానికి వచ్చారు. కిషన్‌రావే ప్రతిపాదించాడు. మూడేళ్ళు ఆగుతాడు. అంతకు తగ్గితే తొక్కకు వయసు రాదట కదా, సరే. మూడేళ్ళకు లామ్ ఆ తొక్క తాగి, తన పై అరలో పెడితే చెట్టు ఉంటుంది, ఇల్లు ఇంకెక్కడైనా చూస్తాడు. పెట్టకపోతే మర్నాడే రంపం. “అందాక నోరెత్తొద్దు మళ్ళ,” అంది ఆమె. “ఎత్త.” ఇద్దరూ చేతిలో చెయ్యేసుకున్నారు. ముప్పై ఏళ్ళ కాపురంలో వాళ్ళు చెయ్యి కలిపి చేసుకున్న రెండో ఒప్పందం అదేనని కిషన్‌రావు అన్నాడు. మొదటిది పెళ్ళి.

నేను మళ్ళీ తిరగడానికి పోయాను. తిరిగి 2016 జూలైలో వచ్చాను. హెండర్సన్ గుర్తుపట్టలేదు. పెరడున్న ప్రతి ఇంట్లోనూ ఇంకో ఇల్లు లేస్తోంది. న్యూ లిన్‌లో లామ్ దుకాణంలో కొత్త గిరాకీ: లేత పచ్చి కమలాకాయల గుజ్జు తోడేసి, యునాన్ కొండల నల్ల టీ కూరి ఎండబెట్టినవి. గోలీల్లాంటి ఆ కాయల కోసం కుర్రకారు వరుస కడుతోంది. ఎక్కడో కొండ మీద పెరిగిన ఆకు, ఎక్కడో బురదలో పెరిగిన కాయ, రెండూ ఒకే కప్పులో. లామ్‌కు ఆ ఫ్యాషన్ నచ్చదు. “తొందరగాళ్ళ టీ,” అంటుంది.

కిషన్‌రావు మూడేళ్ళూ నిజంగానే నోరెత్తలేదు. ప్లాన్ కాగితాలు మాత్రం సిద్ధంగా ఉన్నాయి. ఒక శనివారం పొద్దున బస్సు డ్యూటీ లేదు. మూడు సంచులతో ముగ్గురం దుకాణానికి వెళ్ళాం. సంచుల మీద పేర్లు రాయలేదు, దారాల రంగులే గుర్తు. ఏ రంగు ఏదో లామ్‌కు తెలియదు.

లామ్ మూడు తెల్ల గిన్నెల్లో వేడినీళ్ళు పోసింది. పచ్చ దారం వాసన చూసి మూతి విరిచింది. “తలనూనె. కేకులో వేసుకో.” అది ఆల్బనీ. ఎర్ర దారం తాగి భుజాలు ఎగరేసింది. “మంచి పిల్ల. మాట్లాడటానికి ఏమీ లేదు.” అది పై చెట్టు, మా అందరి తియ్యటి చెట్టు. మొదటి నీళ్ళకు రుచి, రెండో నీళ్ళకు రంగు మాత్రం మిగిలింది.

నల్ల దారం గిన్నె దగ్గర లామ్ ఆగింది. తాగింది. మళ్ళీ నీళ్ళు పోసింది. తాగింది. మళ్ళీ పోసింది. ఎవరో కస్టమర్ వచ్చి పిలిస్తే చెయ్యి అడ్డం పెట్టింది. అయిదో నీళ్ళకు కూడా గొంతులో ఆ చేదూ, దాని వెనక చల్లగా, కర్పూరంలా లేచే తీపీ వస్తోంది. నాకూ ఒక గుక్క పోశారు కనుక చెప్తున్నాను.

“ఇది షిన్‌హుయి కాదు,” అంది లామ్ చివరికి.

కిషన్‌రావు ఊపిరి వదిలాడు. “అయిపాయె.”

“కాదు అన్నాను. చెడ్డది అనలేదు,” అంది లామ్ అతని వైపు తిరిగి. తర్వాత స్టూలెక్కి, పై అరలోంచి మూడేళ్ళ సీసా దించి మూత తీసింది. “ఇందులో వెయ్యి. సగానికి పైగా ఖాళీ. ఎవడికీ తెలియదు. నాకు తప్ప.”

ఆలోచించండి. చెత్తబుట్ట చూపించిన మనిషి ఆరేళ్ళ తర్వాత తన పుట్టిల్లు తెరిచి చూపిస్తోంది. అందులో వేస్తే ఒప్పందం నెగ్గినట్టే. చెట్టు ఉంటుంది. కిషన్‌రావు కూడా, పాపం నీతి తప్పని మనిషి, “ఎయ్యి మరి. గెల్చినవ్,” అన్నాడు.

లక్ష్మీబాయి సీసా మీద చీటీ చూసింది. చైనా అక్షరాలు చదవలేదు. కానీ ఆరేళ్ళుగా తుడుస్తోంది, ఏమి రాసి ఉందో తెలుసు.

“దాని మీద మీ ఊరి పేరున్నది గద?”

“ఉంది.”

“నా తొక్కకు మీ ఊరి పేరెందుకు? ఇంకో సీసా పెట్టు. దాని మీద మా వాగు పేరు రాయి.”

“ఆ అర మీద వేరే ఊరు లేదు. ముప్పై ఏళ్ళుగా లేదు. ఉండదు.”

“అయితే నాది గూడ ఉండది.” నల్ల దారం సంచి మూతి బిగించింది. “ఆరేండ్ల కింద చెత్త అంటివి. ఇయ్యాల మీ ఇంటిపేరు పెట్టుకొమ్మంటున్నవ్. రెండు ఒక్కటే నాకు.”

లామ్ ముఖం రాయిలా అయింది. స్టూలెక్కి సీసా పైన పెట్టేసింది.

కారులో ఇంటికి బయల్దేరాం. హెండర్సన్ మలుపు దాటాక కిషన్‌రావు నెమ్మదిగా అన్నాడు: “అర మీద పెట్టలే. ఒప్పందం ఒప్పందమే లక్ష్మీ.”

“ఒప్పందమే.”

“పిల్లకు చెప్పిన. ఈ ఎండాకాలంకల్ల ఇల్లు అయితదని.”

“కట్టు. ఎవరొద్దన్నరు? ఆ ప్లాన్ గీసిన పిల్లగాడు ఏమన్నడు మొదట? పైననే కట్టుండ్రి, నేల గట్టిగుంటది, నీళ్ళు రావు అనలేదా? పైన చెట్టున్నదని మనమే వద్దంటిమి.”

కిషన్‌రావు బ్రేకు నొక్కి కారు పక్కకు ఆపాడు. “పై చెట్టా?”

“తియ్యటి చెట్టు కొట్టెయ్.”

“పిచ్చి పట్టిందానే నీకు? పదకొండు నెలలు ఎదురుచూస్తరు డిపోల ఆ పండ్లకు! కింది దాని పండు కాకి గూడ ముట్టది!”

“తియ్యటి చెట్టు ప్రతి ఇంట్ల ఉన్నది. దుకాణంల గూడ ఉన్నది, సంచీలల్ల కట్టి అమ్ముతరు. కింద ఉన్నది ఇంకొకటి చూపెట్టు నాకు. ఈ దేశంల చూపెట్టు. చైనాల గూడ లేదని ఇప్పుడే చెప్పింది గద ఆమె, ‘మాది కాదు’ అని!” “ఒప్పందంల ఓడిన. నీకు ఒక చెట్టు బాకీ. ఏ చెట్టో నేను చెప్త.”

ఒప్పందంలో అలా లేదని కిషన్‌రావు అనొచ్చు. నేనైతే అనేవాణ్ణి. అతను స్టీరింగ్ మీద వేళ్ళు ఆడించి, “మనస్వినిని అడుగుత,” అన్నాడు. ఫోన్లోనే అడిగాడు. పిల్ల అటునుంచి, “డాడ్, కింద ఫ్లడ్ అవుతుంది అని నేను ఫస్ట్ నుంచీ చెప్తున్నా కదా!” అంది. ఆ మాట ఇంట్లో ఎవరూ విన్నట్టు గుర్తులేదు.

పై చెట్టును ఆగస్టు మొదటి ఆదివారం కొట్టారు. కిషన్‌రావు వేరేవాళ్ళను పిలవనివ్వలేదు, తనే రంపం పట్టాడు. చివరి పండ్లు కోసి బకెట్‌లో పెట్టుకున్నాడు. చెట్టు పడ్డాక దాని మొద్దు మీద కూర్చుని ఒక్కడే నాలుగు తిన్నాడు. లక్ష్మీబాయి ఓదార్చలేదు. కొమ్మలు మోసింది, ఆకులు ఊడ్చింది. అతను పది రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమె పది రోజులూ అతని డబ్బా సర్ది పంపింది.

దుకాణంలో ఆ మాటలు జరిగిన శనివారం తర్వాతి సోమవారమే ఆమె మామూలుగా పనికి పోయింది. లామ్ రావద్దనలేదు, రమ్మనలేదు. పొట్లాలు కట్టించుకుంది, అంతే. లక్ష్మీబాయి మధ్యాహ్నం అన్నం తిన్నాక తన సంచిలోంచి ఒక రేకు తీసి, దుకాణం కెటిల్ నీళ్ళే పోసి, పొట్లాలు కట్టే బల్ల మీద పెట్టుకుని తాగడం మొదలుపెట్టింది. ప్రతి రోజూ. కావాలనే, కౌంటర్‌కు కనిపించేలా. లామ్ కిటికీ తెరిచేది. వాసన ఆగేది కాదు.

సెప్టెంబరులో నేను వెళ్ళిపోయే ముందు వీడ్కోలు చెప్పడానికి దుకాణానికి వెళ్ళాను. అప్పుడే ఒక పెద్దాయన, చైనావాడు, చేతికర్రతో లోపలికి వచ్చి గుమ్మంలోనే ఆగాడు. ముక్కు ఎగబీల్చి, పై అర కేసి చూసి, కాదనుకున్నట్టు తల తిప్పి, తిన్నగా లక్ష్మీబాయి బల్ల దగ్గరికి నడిచాడు.

“షిన్‌హుయి?” అన్నాడు కప్పు చూపించి.

“నో,” అంది లక్ష్మీబాయి. “హెండర్సన్.”

ఆయనకు అర్థం కాలేదు. కౌంటర్ వైపు తిరిగి తమ భాషలో ఏదో అడిగాడు. లామ్ లెక్కల పూసల చట్రం మీది చెయ్యి తీయకుండా జవాబిచ్చింది. ఆయన కళ్ళు పెద్దవి చేసి లక్ష్మీబాయికి తల వంచి, ఎంత అని సైగ చేశాడు.

“అమ్మకానికి లేదు,” అంది లక్ష్మీబాయి. “కూసోండ్రి. తాగి పోండ్రి.” కుర్చీ లాగింది.

ఆయన తాగుతుండగా నేను కౌంటర్ దగ్గరికి వెళ్ళి, ఆయనకు ఏమని చెప్పావని లామ్‌ను అడిగాను.

“అది మా తొక్క కాదని చెప్పాను,” అంది లామ్ విసుగ్గా. “ఆ మనిషి పిచ్చిదని చెప్పాను. అబద్ధం మాత్రం ఆడదని చెప్పాను.”